వెడల్పు చట్రంలో లచ్చిమి చక్రం

ఇది చాలా ముందే రాయాల్సింది. రెండు అడ్డంకులు వచ్చాయి. ఒకటి, నాకు అక్షరాలు రావు. మోకాళ్ళు మడత పడక దుకాణం మూసేశాక, మా చర్చిలో పెద్దవాళ్ళకి మధ్యాహ్నం పూట చదువు చెబుతుంటే వెళ్ళి కూర్చున్నాను. పానా పట్టిన వేళ్ళు పెన్సిల్ పట్టుకోవడానికి చాలాకాలం మొరాయించాయి. రెండోది, చదవడం రాయడం వచ్చాక కూడా సుక్రి బతికే ఉంది. ఆమె కూతురి సంగతి నేను రాస్తే ఎవరో ఒకరు ఆమెకి చదివి వినిపిస్తారు. ఆ తల్లి చెవిన అది మళ్ళీ పడకూడదనుకున్నాను. పోయిన వానల్లో సుక్రి కూడా వెళ్ళిపోయింది. అందుకని ఇప్పుడు రాస్తున్నాను.

సైకిలు పని నేర్చుకునే పిల్లలు, అందులోనూ ఆడపిల్లలు, ఈమధ్య మా వైపు కనిపిస్తున్నారు. ఇది వాళ్ళ కోసం. దుకాణం ఎక్కడ పెట్టాలి, ఏ సామాను ఎక్కడ దొరుకుతుంది అన్నవి ఎవరైనా చెబుతారు. నా చేతుల మీదుగా పోయిన సైకిళ్ళలో చాలా మటుకు మర్చిపోయాను. మర్చిపోలేనిది ఒక్క వెనక చక్రం.

మేస్త్రి చెయ్యి

నేను పనిలోకి వచ్చింది మెకానిక్‌గా కాదు. హుకుంపేట సంతకి వెళ్ళే దారిలో, విజయనగరం వైపు నుంచి వచ్చిన మేస్త్రి ఒకాయన సైకిలు షాపు పెట్టుకున్నాడు. పంక్చరు తొట్టెకి నీళ్ళు మొయ్యడానికి, ఊడవడానికి మనిషి కావాలన్నాడు. మా ఆయన పోయి అప్పటికి ఏడాది తిరగలేదు. వెళ్ళాను. తొంభైల మొదట్లో మాట.

తొట్టె పక్కన కూర్చుని చూస్తూ చూస్తూ పంక్చరు వెయ్యడం పట్టుబడింది. ఒకరోజు మేస్త్రి టీకి వెళ్ళినప్పుడు సంతకి వచ్చిన ఒకాయన ట్యూబుకి నేనే అతుకు వేసి పంపించాను. మేస్త్రి వచ్చి విన్నాడు.

“ఏటే గుంటా, నా కూట్లో మన్ను కొడతావేటి?”

“నువ్వు టీకెళ్తే బేరం ఎల్లిపోద్ది కదా మేస్త్రీ.”

“అలాగయితే రోజూ ఎల్తాను.”

నిజంగానే రోజూ వెళ్ళాడు.

చక్రానికి బెండు తీయడంలో ఆయన్ని మించినవాణ్ణి నేను చూడలేదు. చక్రాన్ని చట్రంలో తిప్పి వదిలేవాడు. కళ్ళు మూసుకుని చువ్వల్ని గోటితో ఒక్కొక్కటే మీటేవాడు. “ఇది ఏడుత్తంది. ఇది నిద్రోతంది. లేపు దాన్ని,” అనేవాడు. ఏడ్చేదాన్ని వదులు చెయ్యాలి, నిద్రపోయేదాన్ని బిగించాలి. ఒక వైపు చువ్వలన్నీ ఒక్కలా పలికేదాకా చక్రం చక్రం కాదు. నాకొచ్చిన విద్యలో సగం ఆ మాటే.

ఆయన లోపం కూడా చెప్పాలి. కొలత వెయ్యడు. “కంటికి తెల్దేటే?” అనేవాడు. చాలావాటికి కంటికే తెలుస్తుంది. తెలియనిది ఒకసారి వచ్చింది.

అప్పుడప్పుడే లావు టైర్ల గేరు సైకిళ్ళు కొండ ఎక్కుతున్నాయి. పాతవాటికి వెనక పళ్ళచక్రాలు తక్కువ, ఇరుకులోనే సరిపోయేవి. కొత్తవాటికి పళ్ళచక్రాలు పెరిగాయి. వాటికి చోటు కావాలి కాబట్టి చక్రాన్ని పట్టుకునే చట్రం వెనక కాళ్ళు రెండూ ఎడంగా జరిగాయి. తేడా ఎంతో కాదు, పెన్సిల్ మందం కూడా ఉండదు. ఒక స్కూలు మాస్టారు కొత్త చట్రం, పాత చక్రం తెచ్చి రెండూ కలిపి పెట్టమన్నాడు. మేస్త్రి చక్రాన్ని లోపలికి దూర్చి, నట్లు పట్టి గట్టిగా బిగించేశాడు. చట్రం కాళ్ళు రెండూ దగ్గరికి వంగి చక్రాన్ని పట్టుకున్నాయి. చూడటానికి బాగానే ఉంది.

కొన్నాళ్ళకి ఘాట్ రోడ్డు దిగుతుంటే యాక్సిలు పుటుక్కున తెగింది. మాస్టారి చెయ్యి విరిగింది. మేస్త్రి “రోడ్డు బాగోనేదు మాస్టారూ” అన్నాడు. ఆ సాయంత్రం తెగిన యాక్సిలు ముక్క నేను చేతిలో పెట్టుకుని చూశాను. వంచి బిగించిన కాళ్ళు మళ్ళీ వెనక్కి పోవాలని చూస్తాయి. తొక్కిన ప్రతిసారీ ఆ లాగుడంతా యాక్సిలే మోసింది. ఇనుముకి మనం నచ్చజెప్పలేం. అది ఒప్పుకున్నట్టే ఉండి ఒకరోజు మానేస్తుంది.

ఆ తరవాత నేను చీపురు పుల్ల వాడటం మొదలుపెట్టాను. స్కేలు మీద గీతలు కనిపించేవి గాని అంకెలు తెలిసేవి కావు. చట్రం కాళ్ళ మధ్య ఎడం ఎంతో అంతకి ఒక పుల్ల విరిచేదాన్ని. చక్రం యాక్సిలు మీద లోపలి నట్ల మధ్య వెడల్పు ఎంతో అంతకి ఇంకోటి. రెండూ పక్కపక్కన పెడితే పొడుగు పుల్ల ఎంత మిగిలిందో అంత మందం వాషర్లు కావాలి. మేస్త్రి చూసి, “వంట సేత్తన్నావా, కొలతేత్తన్నావా?” అని వెక్కిరించాడు. తరవాత ఆయనే “పుల్ల తేవే” అనేవాడు.

కళ్ళు మసకబారాక ఆయన ఊరికి వెళ్ళిపోయాడు. పానాలు నాకు వదిలేశాడు.

మలేరియా గుంట

లచ్చిమి సుక్రి పెద్దకూతురు. జ్వరాల కాలంలో కొండ మీది ఊళ్ళు తిరిగి, జ్వరం వచ్చినవాళ్ళ వేలికి సూది గుచ్చి, నెత్తుటి చుక్క గాజుపలక మీద తీసుకుని ఆసుపత్రికి చేర్చేది. మందు బిళ్ళలు తెచ్చి దగ్గరుండి మింగించేది. అందరూ మలేరియా గుంట అనేవాళ్ళు, గుంటంటే మా వైపు ఆడపిల్ల. మొదట్లో ఆమెని చూస్తే పిల్లలు అడివిలోకి పరిగెత్తేవారు. ముసలివాళ్ళు “నెత్తురు అమ్ముకుంటాదంట” అనుకునేవాళ్ళు. వేలు చాపించడానికి ఆమెకి ఏళ్ళు పట్టింది.

ఆమె సైకిలు పాత విదేశీ గేరు సైకిలు. మిషన్ ఆసుపత్రిలో పనిచేసిన ఒక సిస్టరు తన దేశం వెళ్ళిపోతూ ఇచ్చింది. అలాంటిది మా వైపు ఇంకోటి లేదు. అందుకే మాటిమాటికీ నా దగ్గరికి వచ్చేది. నేను బెండు తీస్తుంటే లచ్చిమి పక్కన కూర్చుని చువ్వలు మీటేది.

“పెద్దమ్మా, ఇదేటి, ముసిలిదాని దగ్గులా పలుకుతంది?”

“నువ్వు రాళ్ళ మీంచి దూకిత్తే దగ్గదేటి మరి?”

“కొండంతా రాళ్ళే. నీ షాపు ముందు తిరగమంటావా, మలేరియా నీకు వత్తాదేటి?”

అలా నవ్వించేది. తన చక్రానికి బెండు తనే తీసుకోవడం నేర్చుకుంది.

రెండు వేల సంవత్సరం దాటాక ఒక వానాకాలం, గెడ్డ దాటుతుంటే పైనుంచి ఒక్కసారిగా నీళ్ళొచ్చాయి. గాజుపలకల పెట్టె నెత్తిన పెట్టుకుని, సైకిలు తోసుకుంటూ దాటిందట. అవతలి గట్టున ఉన్నవాళ్ళు చూశారు. పట్టుకోలేకపోయారు. మనిషి కింద మలుపు దగ్గర దొరికింది. సైకిలు బండల మధ్య ఇరుక్కుపోయి దొరికింది. చట్రం మెలితిరిగింది, ముందు చక్రం ముద్దయింది. వెనక చక్రం ఒక్కటీ చెక్కుచెదరలేదు.

సుక్రి వాళ్ళలో ఒక పద్ధతి ఉంది. చనిపోయినవాళ్ళు వాడిన సామాను సమాధి మీద పెట్టేస్తారు. కొడవలి అయితే పిడి విరుస్తారు, కుండ అయితే చిల్లు పెడతారు. విరిగిన సామాను చనిపోయినవాళ్ళతో పోతుంది. విరగనిది ఇంట్లో ఉంటే వాళ్ళు దానికోసం తిరిగి తిరిగి వస్తారని నమ్మకం. లచ్చిమి సైకిలు అలాగే పెట్టారు. వెనక చక్రం మాత్రం సుక్రి ఇవ్వలేదు. ఊరంతా చెప్పినా ఇవ్వలేదు. ఇంట్లో దూలానికి కట్టుకుంది.

మాది చర్చి కుటుంబం. మా ఇళ్ళలో పోయినవాళ్ళ బట్టలు బాగుంటే ఉతికి ఎవరో ఒకరికి ఇస్తాం. వాళ్ళ పద్ధతి నాకు తెలుసు. తెలియడం వేరు, దానికి భయపడటం వేరు.

సుక్రి తెచ్చిన చక్రం

మరుసటి ఏడు లచ్చిమి పని చెల్లెలు జమునకి ఇచ్చారు. నడిచి ఆ ఊళ్ళన్నీ తిరగడం కుదరదు. తీసిన నెత్తురు ఆసుపత్రికి చేరేలోపు జ్వరం ముదిరిపోతుంది. అరకులో టూరిస్టులకి సైకిళ్ళు అద్దెకిచ్చే దుకాణం మూతపడితే అక్కడినుంచి ఒక చట్రం తెచ్చింది. కొత్త రకం, వెనక కాళ్ళు ఎడంగా ఉన్నది. ముందు చక్రం బాగుంది. వెనక చక్రం లేదు.

వానలు పడకముందే బండి తయారవ్వాలి, అదీ జమున తొందర.

ఒక ఉదయం సుక్రి గంపలాగా చక్రాన్ని నెత్తిన పెట్టుకుని వచ్చింది. వెనకాల జమున. చక్రాన్ని నా ముందు దించి, సుక్రి చెంగుతో దుమ్ము తుడిచింది.

“ఇది దానికి ఎయ్యి.”

నేను జమున వైపు చూశాను. ఆ పిల్ల తల దించుకుంది.

“ఊళ్ళో ఏటంటారు సుక్రీ?”

“ఊరిదేటి. దూలానికి ఏలాడితే ఏటొత్తాది? అది తిరిగినన్నాళ్ళూ నా గుంట తిరిగినట్టే నాకు.”

పుల్లలు విరిచి చూశాను. పాత చక్రం ఇరుకు, చట్రం వెడల్పు. మేస్త్రి లాగా బిగించి పంపేది లేదు. పాత యాక్సిలు పొట్టిది. వాషర్లు వేస్తే నట్టుకి పట్టు చాలదు. పొడుగు యాక్సిలు కావాలి.

చక్రం నడిమి హబ్బు విప్పాను. లోపలి ఇనప గోళీల మధ్య నుంచి ఇసక రాలింది. సన్నటి తెల్ల ఇసక, గ్రీజులో కలిసి ముద్దయినది కొంత, ఎండిపోయినది కొంత. నేను గుడ్డతో తుడవబోతుంటే సుక్రి చెయ్యి అడ్డం పెట్టింది. చిటికెడు తీసుకుని రెండు వేళ్ళ మధ్య నలిపింది.

“మా గెడ్డ ఇసకే,” అంది.

జమున లేచి బయటికి వెళ్ళిపోయింది. నేను చేస్తున్న పని ఆపి కూర్చున్నాను. సుక్రి చాలాసేపు ఆ ఇసక వదల్లేదు. తరవాత తనే చెంగుకి రాసుకుని, “కానీ,” అంది.

ఇక్కడ పని నేర్చుకునేవాళ్ళకి ఒక మాట. వాషర్లు రెండు వైపులా సగం సగం వేస్తే చక్రం మధ్యలోనే ఉంటుంది, చువ్వలు ముట్టుకోనక్కర్లేదు. తేలిక పని అది. నేను అలా చెయ్యలేదు. పళ్ళచక్రాల వైపు, అంటే కుడివైపు, ఏమీ కదపకుండా వాషర్లన్నీ ఎడమవైపే వేశాను. అప్పుడు రిమ్ము కుడికి పడిపోయినట్టు కనిపిస్తుంది. కుడి చువ్వల్ని కొంచెం కొంచెం వదులు చేస్తూ, ఎడమ చువ్వల్ని బిగిస్తూ రిమ్మును మధ్యకి లాక్కురావాలి. గేరు చక్రంలో ఎప్పుడూ ఒక వైపు చువ్వలే భారం ఎక్కువ మోస్తాయి. ఇలా లాగితే రెండో వైపు కూడా భుజం కలుపుతుంది. రాళ్ళ దారికి అదే మంచిది. తొందరపడి ఒకే చువ్వని ఎక్కువ తిప్పితే రిమ్ము పాములా మెలికలు పోతుంది. మధ్యకి వచ్చిందో లేదో తెలియాలంటే చక్రాన్ని తీసి, కుడి ఎడమలు మార్చి చట్రంలో పెట్టి చూడండి. రిమ్ము అదే చోట నిలబడితే సరిపోయినట్టు.

నిలబడింది. నా పనిలో అంత శుభ్రంగా వచ్చిన చక్రం ఇంకోటి లేదు. రిమ్ముకీ చట్రానికీ మధ్య సందు రెండు వైపులా ఒక్కటే. మీటితే ఏ వైపుకి ఆ వైపు ఒకే పలుకు. సుక్రి చేత్తో తిప్పి వదిలింది. అది ఆగేదాకా చూసింది.

ఏలు ఇవ్వనేదు

తొలి వానలు పడ్డాయి. జమున కొండ ఎక్కడం మొదలుపెట్టింది. కొన్నాళ్ళకి సైకిలు తోసుకుంటూ నా షాపుకి వచ్చింది. పాడయిందేమో అనుకుని చక్రం వైపు చూశాను.

“బండి బాగుంది పెద్దమ్మా. ఒక్కలూ ఏలు ఇవ్వనేదు.”

“ఏటి?”

“ఇల్లిల్లూ తిరిగినాను. దూరంనుంచే సూసి తలుపులేసుకుంటన్నారు. మా అప్ప చక్రం అని అందరికీ తెల్సిపోనాది. నా ఎనకాలే అప్ప వత్తాందంట. పైఊర్లో ఒక సంటిదానికి జరం. ఆల్లమ్మ గుమ్మంలోంచే ఎల్లిపో ఎల్లిపో అని సెయ్యి ఊపింది. జరం కాలిపోతన్నట్టు బయటికే తెలుత్తంది.”

“బిళ్ళలు ఇచ్చేవా?”

“గుమ్మంలో పెట్టి వచ్చేసినాను. మింగించినారో నేదో.”

మర్నాడు దిసారి వచ్చాడు. కొండ ఊళ్ళకి మంచిచెడ్డలు చూసే పెద్దమనిషి. అరుస్తాడనుకున్నాను. అరవలేదు. బల్ల మీద కూర్చుని మంచినీళ్ళు అడిగి తాగాడు.

“పోయినోలి సామాను పోయినోలికి ఇచ్చీయాల తల్లీ. మీ సర్చిలో ఏటి సేత్తారో నాకు తెల్దు.”

“అది పాత చక్రం కాదు దిసారీ. యాక్సిలు మార్చేను. గోళీలు మార్చేను. వాషర్లు కొత్తవి.”

“రిమ్మో?”

“రిమ్ము అదే.”

“సువ్వలో?”

“అవీ అవే.”

“మరింకేటి మార్చేవు? ఆ గుంట మా ఊరికి వచ్చింది దానిమీదే కదా. నేనొక్కడినీ ఒప్పుకుంటే సరిపోదు. తల్లులు భయపడతన్నారు. భయపడినోలు ఏలు ఎలాగిత్తారు?”

నేనింకేదో చెప్పబోయాను. ఆయన అంగోస్త్రంతో మొహం తుడుచుకున్నాడు.

“మా ఇంటికాడ కూడా ఒకలికి జరం ఉంది,” అన్నాడు. “నాకూ సూది కావాల.”

ఆయన పట్టుదలకి వచ్చినవాడు కాదు. దారి చూపించమని వచ్చాడు.

సాయంత్రం జమున తల్లితో మాట్లాడింది. నేను అక్కడ లేను. ఏం మాట్లాడుకున్నారో ఇద్దరూ ఎప్పుడూ చెప్పలేదు. మర్నాడు సుక్రి షాపుకి వచ్చి, “విప్పీ,” అంది. అంతే.

పొద్దు వాలకముందే సమాధుల దగ్గరికి వెళ్ళాం. చక్రాన్ని సుక్రే మోసింది, ఎవరికీ ఇవ్వలేదు. దిసారి వెనక వచ్చాడు. లచ్చిమి మట్టి మీద గడ్డి మొలిచింది. పక్కన మెలితిరిగిన పాత చట్రం తుప్పుపట్టి పడుంది. చక్రాన్ని విరవాలి. సుక్రి రాయి ఎత్తింది. ఎత్తి అలాగే నిలబడిపోయింది. జమున ఆ రాయి తీసుకుంది. తనూ కొట్టలేకపోయింది.

“నేను విప్పుతాను,” అన్నాను.

దిసారి వైపు చూస్తే ఆయన తల ఊపాడు. కూర్చుని చక్రాన్ని ఒళ్ళో పెట్టుకున్నాను. చువ్వల చివర నట్లు ఒక్కొక్కటే వదులు చేసుకుంటూ వెళ్ళాను. బిగువు పోతుంటే చువ్వలు చిన్నగా టిక్కుమంటాయి. సగం దాటేసరికి రిమ్ము వాలిపోయింది. చివరికి నా ఒళ్ళో ఉన్నది ఒక ఇనప వలయం, కొన్ని చువ్వలు, మధ్యలో హబ్బు. నేను కూర్చిన పని నా చేత్తోనే పోయింది. దుఃఖం ఆగలేదు. లచ్చిమి కోసమో, నా పని కోసమో విడదీసి చెప్పలేను. ఇప్పటికీ చెప్పలేను.

“సాలు,” అన్నాడు దిసారి.

సుక్రి వాటిని తీసుకుని మట్టి మీద పెట్టింది. చువ్వల్ని సర్దింది, పిల్ల జుట్టు సర్దినట్టు. ఇంటిదాకా కలిసి నడిచాం. గుమ్మం దగ్గర సుక్రి నా చెయ్యి పట్టుకుని, “దానికి ఇంక దారి నేదు కదా,” అంది.

షాపు దగ్గర జమున చట్రం వెనక చక్రం లేకుండా గోడకి ఆనించి ఉంది. నా వెనక గదిలో పాత చక్రాల గుట్ట ఉంది. అందులోంచి ఒకటి తీసి బాగుచేద్దామని చేయి పెట్టాను. నల్లటి మామూలు చక్రం ఒకటి వచ్చింది. ఎవరిది ఇది? గుర్తులేదు. రెండోది తీశాను. అది తేనె అమ్మే ముసలాయనది, ఆయన పోయి చాలాకాలమైంది. ఇన్నేళ్ళూ అందులోంచి తీసి ఎన్ని సైకిళ్ళకి వేశానో. నేను ఒక్కసారీ ఎవరినీ అడగలేదు, నన్నూ ఎవరూ అడగలేదు. రేపు కొండ మీద ఒక తల్లి ఇది ఎవరి చక్రం అని జమునని అడుగుతుంది. ఆ పిల్ల ఆలోచించకుండా జవాబు చెప్పగలగాలి. రెండు చక్రాలూ గుట్టలో పెట్టేశాను.

మర్నాడు పొద్దున్నే చట్రం కాళ్ళ మధ్య కొలిచి పుల్ల విరిచి, జాకెట్లో పెట్టుకుని ఎస్.కోట బస్సెక్కాను. సామాన్ల దుకాణం అప్పుడే తీస్తున్నారు. షావుకారు నా పుల్ల చూసి నవ్వి, లోపలినుంచి ఒక గేరు చక్రం తెచ్చాడు.

“సెకండ్ హ్యాండుదమ్మా. వెడల్పు కూడా నీ పుల్లకి సరిపోద్ది. ఏటీ మార్చక్కర్లేదు.”

తిప్పి చూశాను. మంచి చక్రం. దానితో అయితే జమున ఎక్కుళ్ళలో దిగక్కర్లేదు.

“కొత్త గేరుది ఉందా?”

“గేరులో కొత్తది నేదు. తెప్పించాలంటే వానలయిపోతాయి. కొత్తదంటే గేర్లు నేని మామూలు రిమ్ము, మామూలు హబ్బు. మూడొంతులు వాషర్లే ఎయ్యాల నువ్వు. కొండెలా ఎక్కుతాది ఆ పిల్ల?”

“తోసుకుని ఎక్కుతాది,” అన్నాను. “ఎవులూ తొక్కనిది ఇయ్యి బాబూ.”

పైఅర నుంచి కాగితం చుట్టిన రిమ్ము దించాడు. నేను అక్కడే మెట్టు మీద కూర్చుని చువ్వలు ఎక్కించడం మొదలుపెట్టాను. పది గంటల బస్సుకి వెళ్ళిపోవాలి.